రంగులు కూర్చిన మనిషి పేరేదీ?

సంపాదకుల వారికి,

ఫొటోలను జపాన్ యానిమేషన్ స్టూడియో జీబ్లీ శైలి బొమ్మలుగా మార్చుకునే వెర్రిపై మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి రెండు వారాలు కావస్తున్నా, సవరణగానీ వివరణగానీ కనబడకపోవడంతో ఈ లేఖ రాయవలసి వచ్చింది. రెండు నిండు పేజీలలో దర్శకుడు హయావో మియజాకి పేరు తప్ప మరో పేరు లేదు. ఆ స్టూడియోలో బొమ్మలు గీసినదీ, రంగులు వేసినదీ, అందరికీ టీ అందించినదీ ఆయనొక్కరేనని పాఠకులు అనుకోవాలి కాబోలు.

మీ వ్యాసకర్త అంతగా పరవశించిపోయిన ఆ రంగులను ఏళ్ల తరబడి నిర్ణయించినది మిచియో యసుదా అనే మహిళ. 1939లో పుట్టిన ఆమె 1958లో తోయెయి అనే యానిమేషన్ సంస్థలో చేరారు. తరువాత జీబ్లీ దర్శకులైన ఇసావో తకహాతా, మియజాకిలతో ఆమెకు స్నేహం కుదిరింది అక్కడి కార్మిక సంఘంలోనే. పాత్రల బొమ్మ ఉండే పారదర్శకమైన సెల్ షీటుకు వెనుకవైపు నుంచి రంగు నింపే విభాగంలో మొదలుపెట్టి, ఒకే పాత్ర ముఖం పగటి వెలుగులో ఎలా ఉండాలో, దీపపు వెలుగులో ఎలా మారాలో తేల్చిచెప్పే స్థాయికి ఆమె ఎదిగారు. 1988 నాటి ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’లో పాత్రల అంచుగీతలకు అలవాటైన నలుపును విడిచి గోధుమరంగు వాడారు, ఆ చిత్రం చూసి కంటతడి పెట్టినవారిలో ఎందరు ఆ సంగతి గమనించారు? ‘ప్రిన్సెస్ మోనోనోకే’తో స్టూడియోలోకి కంప్యూటర్ రంగులు వచ్చేనాటికి ఆమె అరవయ్యో పడికి దగ్గరలో ఉన్నారు. 2003లో ఆస్కార్ అందుకున్న ‘స్పిరిటెడ్ అవే’ రంగులూ ఆమెవే. ‘పోన్యో’ చిత్రం తరువాత విశ్రాంతి తీసుకున్నా, 2013 నాటి ‘ది విండ్ రైజెస్’ కోసం తిరిగి వచ్చారు. 2016 అక్టోబరులో కన్నుమూశారు.

తప్పు మీ ఒక్కరిదే అననులెండి. తెరపై పేర్లు మొదలవగానే హాలులో దీపాలు వెలిగించి తలుపులు బార్లా తెరుస్తారు, టీవీవారు ప్రకటనలకు దూకుతారు, ఓటీటీ వేదికలైతే ఆ పేర్లను చీమతలంత చేసి మరో సినిమాను ముందుకు తోస్తాయి. మన సమీక్షలలో హీరో చొక్కాకు ఒక పేరా దక్కుతుంది గానీ, ఆ చొక్కా రంగును తెరమీద సరిదిద్దిన కలరిస్టుకు ఒక్క వాక్యమైనా దక్కదు. నాయకులు సైతం ముచ్చటపడి తమ ఫొటోలను జీబ్లీ బొమ్మలుగా మార్చుకుని పంచుకున్నారు; ఆ సొగసు ఎవరి చేతిదని అడిగినవారు నాకు కనబడలేదు.

యసుదా పేరుతో ఒక చిన్న సవరణైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. స్థలం చాలకపోతే, యాప్‌లో ఫొటో మార్చుకునే పద్ధతిని వివరిస్తూ ఆ వ్యాసం పక్కనే వేసిన బాక్సు వంటిదాన్ని ఒక్క వారం మానుకోవచ్చు.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం