పలక కంటే ముందు చెవి: మన కాలనీ సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మోటారు మార్చాం, పార్కు గోడకు సున్నం వేయించాం, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పట్లాగే బాగా జరిగాయి. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డులో ఉంది, అనుమానాలుంటే కోశాధికారిని అడగండి. మిగతా నివేదికంతా సంఘం గదిలో సాయంత్రాలు నడిచిన చిన్నపిల్లల కార్యక్రమం గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఏడాది పొడవునా మెట్ల దగ్గర, పాల బూత్ దగ్గర అందరూ నన్ను ఆపి అడిగింది ఒకటే: "మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలతో అక్షరాలు దిద్దించకుండా ఏందండీ ఈ చప్పట్లు, కథలు?"

అక్షరం రావడం వేరు, చదవడం వేరు. మూడో తరగతి పిల్లాడు పాఠం గడగడా చదివేస్తాడు, ఇందులో ఎవరు ఎక్కడికి పోయారురా అంటే నోరు తెరవడు. అలాంటి పిల్లలు మన వీధిలోనే ఉన్నారు, వాళ్లలో తెలివికేం తక్కువ లేదు. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని చిన్న లెక్కగా చెప్పారు: అక్షరాల్ని కూడబలుక్కునే శక్తిని, విని అర్థం చేసుకునే శక్తితో గుణిస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం. ఇక్కడ కూడిక లేదు, గుణకారం. రెండింట్లో ఏది సున్నా అయినా ఫలితం సున్నానే. మనం బళ్లోనూ ఇంట్లోనూ మొదటిదాని వెంట పరుగెడతాం, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ అనే ప్రాథమిక చదువుల కార్యక్రమం లక్ష్యం కూడా మూడో తరగతి అయ్యేలోపు పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలనే, అందులో వినడం, మాట్లాడడం కూడా భాగమే.

గదిలో ఏం చేశామంటే, ముందు డబ్బాల ఆట. ఒకే రకం ప్లాస్టిక్ డబ్బాలు జతలుగా తీసుకొని ఒక జతలో బియ్యం, ఒక జతలో కందిపప్పు, ఇంకోదాంట్లో చింతగింజలు, మరోదాంట్లో ఇసుక పోసి మూతలకు టేపు చుట్టాం. ఊపి, విని, ఏది దేనికి జతో పట్టుకోవాలి. చింతగింజలకీ ఇసుకకీ తేడా ఎవరైనా చెప్తారు. బియ్యానికీ కందిపప్పుకీ తేడా తెలియాలంటే మాత్రం డబ్బాని చెవికి ఆనించి, ఊపిరి బిగబట్టి, మెల్లగా ఊపాలి. అల్లరి ఆపమని ఎంత చెప్పినా వినని పిల్లలు ఆ నిమిషంలో గదంతా నిశ్శబ్దం చేసి, పక్కవాడు కదిలితే "ఉష్ష్" అంటారు. కూర్చోండ్రా అని మేం గద్దించాల్సిన పని లేకుండా పోయింది.

తర్వాత ఊళ్ల పేర్లకు చప్పట్లు. పాకాలకు మూడు, తిరుపతికి నాలుగు, రేణిగుంటకు నాలుగు, శ్రీకాళహస్తికి అయిదు. అది వచ్చేశాక మొదటి ముక్క మింగేయమంటాం: అలిపిరిలో అ తీసేస్తే? "లిపిరి!" అని అరిచి పడీ పడీ నవ్వుతారు. అర్థం లేని మాటకి అంత నవ్వొస్తోందంటే, మాట వేరు, దాని చప్పుడు వేరు అని పిల్లకు తెలిసిందన్నమాట. చదువుకు అదే మొదటి మెట్టు అని నేను గట్టిగా నమ్ముతాను. పైగా మన లిపికి ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే తెలుగులో ఒక అక్షరం దాదాపు ఒక చప్పట్టు, చెవి పట్టిన ముక్కే తర్వాత పలక మీదికి వస్తుంది.

కష్టమంతా గుణింతం దగ్గర, ఒత్తుల దగ్గర. గూడు బొమ్మ, గుడ్డు బొమ్మ పక్కపక్కన పెట్టి, చెప్పిన బొమ్మ మీద చెయ్యి వేయమంటాం. గూడులో మొదటి ముక్క సాగుతుంది, గుడ్డులో నాలుక ఒక్క క్షణం ఆగి నొక్కుతుంది. ఈ తేడా చెవికి తెలియని పిల్ల రేపు డిక్టేషన్‌లో గుడ్డుని "గుడు" అని రాస్తుంది, మనం వందసార్లు ఇంపోజిషన్ రాయిస్తాం, పాపం దానికి వినపడనిది చేత్తో ఎన్నిసార్లు రాస్తే మాత్రం ఏం లాభం.

గంగమ్మ జాతర రోజుల్లో డప్పు దరువుని విని నేల మీద అలాగే వాయించే ఆట పెట్టాం, అది వాళ్లకి ఎంత నచ్చిందంటే జాతర అయిపోయినా వదల్లేదు.

అన్నిటికంటే గొప్పగా నడిచింది అవ్వల కథల పూట. మూడో వీధి అవ్వ ఒకరు కథ చెప్తూ సరిగ్గా నక్క బావిలోకి తొంగిచూసే చోట ఆపి, "ఇప్పుడేం జేస్తుంది నాయినా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అంతదాకా విన్నదంతా మనసులో ఉండాలి, జరగబోయేది ఊహించాలి. పుస్తకం పట్టుకున్నప్పుడు పిల్ల చేయాల్సిందీ అదే. సెల్‌ఫోన్లో కథ వినిపిస్తే సరిపోదా అని కొందరు అడిగారు. సరిపోదు. ఫోను ఆగి అడగదు, పిల్ల మొహం చూసి అర్థం కాలేదని మళ్లీ చెప్పదు.

మన దగ్గర ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లున్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లు పిల్లలకు బలవంతంగా తెలుగులోనో, వచ్చీరాని ఇంగ్లీషులోనో కథలు చెప్పక్కర్లేదు, మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే చెప్పండి. శ్రద్ధగా వినడం, కథ వరస పట్టుకోవడం ఒక భాషలో అలవాటైతే ఇంకో భాషలోనూ పనికొస్తుంది. ఎల్‌కేజీ సీటు టెన్షన్ నాకు తెలుసు, అయినా ఈ మాట అంటున్నాను.

ఒక ముఖ్యమైన విషయం, తల్లులూ తండ్రులూ దయచేసి శ్రద్ధగా చదవండి. పిలిస్తే పలకడు, మొండోడు అని పేరు పడిన పిల్లాడొకడు మన గదికి వచ్చేవాడు. డబ్బాల ఆటలో వాడు బియ్యానికీ ఇసుకకీ తేడా చెప్పలేకపోవడం చూసి, చెవి చూపించమని ఇంట్లోవాళ్లకి చెప్పాం. జలుబు తగ్గాక కూడా కర్ణభేరి వెనక నీరు నిలిచిపోయిందని తేలింది. చిన్నపిల్లల్లో ఇది మామూలే, చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కానీ అది ఉన్నన్ని రోజులూ మాటలు మసకమసకగా వినిపిస్తాయి. కాబట్టి టీవీ సౌండు పెంచమని పదేపదే అడిగినా, వెనకనుంచి పిలిస్తే తిరగకపోయినా, మాట ఆలస్యమైనా తిట్టకండి, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. మన తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. వినికిడి లోపం ఉన్న చిన్నపిల్లలకు మాట నేర్పించడానికి మన ఊళ్లోనే టీటీడీ వాళ్ల శ్రవణం కేంద్రం ఉంది, చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసినవాళ్లు నలుగురికి చెప్పండి.

వచ్చే ఏడాదికి కావాల్సినవి. కథల పూటకు తాతలు కూడా రావాలి, ఇప్పటిదాకా ఒక్కరే వచ్చారు. పొడుపు కథలు తెలిసినవాళ్లు రాసి ఇచ్చినా చాలు. గది రోడ్డు వైపు ఉండడంతో బస్సుల హారన్లకు కథ సగం వినపడదు, ఆ కిటికీలకు మందపాటి కర్టెన్లు కుట్టించాలని కమిటీ అనుకుంది, బట్ట ఇవ్వగలిగినవాళ్లు చెప్పండి. అంగన్‌వాడీ టీచరు మన డబ్బాలు చూసి తన సెంటర్‌కీ ఒక సెట్టు అడిగారు, ఖాళీ డబ్బాలు మూతలతో సహా కడిగి, ఆరబెట్టి సంఘం గదిలో ఇవ్వండి. ఈ పనులకు పేర్లు ఇవ్వాలనుకునేవాళ్లు సర్వసభ్య సమావేశంలోపు నాకు చెప్పాలి, గది తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి