చాగోస్ వాసులను ఎవరు అడిగారు?

సంపాదకులకు నమస్కారం.

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులపై మారిషస్ సార్వభౌమత్వాన్ని గుర్తిస్తూ 2025 మే 22న బ్రిటన్ సంతకం చేసిన ఒప్పందాన్ని వలస పాలనకు ముగింపుగా కొందరు కీర్తించడం తొందరపాటు. వలస ప్రాంతాల సమగ్రతను భంగపరచరాదని ఐక్యరాజ్యసమితి 1960లోనే 1514వ తీర్మానంలో చెప్పినా, బ్రిటన్ 1965లో ఈ దీవులను మారిషస్ నుంచి విడదీసి, అందుకు 30 లక్షల పౌండ్లు ఇచ్చి, 1968లో గానీ ఆ దేశానికి స్వాతంత్ర్యం ఇవ్వలేదు. ఈ విభజనకు పరాధీనంలో ఉన్న మారిషస్ నేతల నుంచి రాబట్టిన సమ్మతి ప్రజల స్వేచ్ఛాభీష్టం కాదని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో తేల్చింది. అది సలహాపూర్వక అభిప్రాయమే కనుక బ్రిటన్ చాలాకాలం దానిని పట్టించుకోలేదు.

చాగోస్‌లోని అతిపెద్ద దీవి డీగో గార్షియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1973 నాటికి దీవులన్నింటి నుంచీ వెళ్లగొట్టిన ప్రజల మాటేమిటి? ఒప్పందం ప్రకారం ఆ స్థావరంపై బ్రిటన్ అధికారం 99 ఏళ్లు కొనసాగుతుంది. పునరావాసానికి మిగిలినవి ఇతర దీవులే. రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకున్న ఈ చర్చల్లో, స్వయం నిర్ణయాధికారం ఎవరి పేరిట ఉందో ఆ దీవివాసులకే స్థానం లేకపోయింది. మారిషస్ తెలుగువారి ఉగాది వేడుకలకు చోటిచ్చే మన పత్రికలు ఈ అంశాన్ని కూడా వివరంగా చర్చించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం