ఐ మిస్ యూ అంటే ఎవరికి లోటు?

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన చిట్టా చూశాన్రా. ఇంగ్లీషు వాక్యాల్ని మాటకి మాట ఇటాలియన్‌లోకి దింపేశావు, దెబ్బ అక్కడే తగిలింది. ఇంగ్లీషువాడికి ఏం చెప్పాలన్నా ముందు 'ఐ' కావాలి. ఇటాలియన్లకి ఆ పట్టింపు లేదు, మనకీ లేదు. అందుకని చాలాచోట్ల తెలుగులోంచి వెళ్ళడమే దగ్గరి దారి.

'ఐ లైక్ కాఫీ'ని మనం 'నాకు కాఫీ ఇష్టం' అంటామా? వాళ్ళూ అంతే: 'మి పియాచె ఇల్ కఫ్ఫే'. ఆ 'మి' మన 'నాకు'. క్రియ నీ వెంట కాదు, నచ్చినదాని వెంట నడుస్తుంది. పుస్తకాలైతే 'మి పియాచ్చొనొ ఇ లీబ్రి', మన 'నచ్చాయి' లాగే. కానీ మనిషి మొహం మీద 'మి పియాచి' అన్నావంటే 'నీ మీద మనసైంది' అని. ఆఫీసులో అనకు!

'ఐ మిస్ యూ'కి 'తి మాంకొ' అని రాశావు. తిరగబడింది. 'మాంకారె' అంటే లోటుగా ఉండటం. నాకు నువ్వు లోటు కాబట్టి 'మి మాంకి' అనాలి. నువ్వు రాసినదానికి 'నేను లేక నువ్వు బెంగపడుతున్నావు' అని అర్థం. ఎంత పొగరో చూడు.

అలాగని తెలుగు దారీ అంతటా సాగదు. ఆకలి, చలి, ఉక్కపోత, వయసు వాళ్ళ లెక్కలో మనిషి దగ్గర 'ఉండేవి', 'ఓ' అంటే 'నా దగ్గర ఉంది': 'ఓ ఫామె', 'ఓ ఫ్రెద్దొ', 'ఓ కాల్దొ'. 'ఐ యామ్ హాట్' చూసి, 'ఐ యామ్'కి 'సోనొ' పెట్టి 'సోనొ కాల్దొ' అంటే కథ కామంలోకి పోతుంది. 'ఐ యామ్ ఎగ్జైటెడ్'ని 'సోనొ ఎచ్చితాతొ' చేసినా అదే గొయ్యి. అక్కడ 'నోన్ వేదొ లోర' అనాలి, ఆ గడియ ఎప్పుడొస్తుందా అని ఉంది అన్నట్టు. చేతిలో పని ముగిస్తే 'ఓ ఫినీతొ'. 'సోనొ ఫినీతొ' అన్నావో, 'నా పని అయిపోయింది బాబోయ్' అన్నట్టే.

వయసు చెప్పేటప్పుడు ఒత్తు మింగకు. 'ఓ వెంతిచింక్వె ఆన్ని' అంటే నాకు 25 ఏళ్ళు. 'ఆని' అన్నావంటే నీకు పాతిక మలద్వారాలున్నాయని చెప్పినట్టు. ఒత్తులు పలకడం మనకి కొత్తా? ఇంగ్లీషు యాస తెచ్చిపెట్టుకుంటేనే జారిపోతాయి.

'సారీ', 'ఎక్స్‌క్యూజ్ మీ' సందర్భాన్ని బట్టి విడిపోతాయి. దారి అడగబోతూ 'స్కూజి'. బస్సులో జనాన్ని తప్పించుకుని దిగేటప్పుడు 'పెర్మెస్సొ'. ఒకరింటి గుమ్మం దాటేటప్పుడూ అదే. చావు కబురు వింటే 'మి దిస్పియాచె'. ఎవరైనా థాంక్స్ చెబితే 'ప్రేగొ' చాలు, చనువుంటే 'ఫిగూరతి', మన 'భలేవాడివే, దానికేముంది'.

'స్కూజి' మీరు అనేవాళ్ళకి, 'స్కూజ' నువ్వు అనేవాళ్ళకి. మర్యాదకి వాడే 'లేయి' మాటకి అసలర్థం 'ఆమె'. ఎదురుగా మీసాలున్న ప్రొఫెసరున్నా సరే, క్రియ ప్రథమ పురుషలోనే: 'కోమె స్తా?' స్నేహితుడైతే 'కోమె స్తాయి?' ఇంగ్లీషులో రెండూ 'యూ' కాబట్టి, ఎదుటిమనిషెవరో అనువాదం చేసే యాప్‌కి తెలీదు, నువ్వే చూసుకోవాలి. పెద్దవాళ్ళు 'దియామొచి దెల్ తు', అంటే 'నువ్వు అనుకుందాం' అనేదాకా 'లేయి' వదలకు.

వచ్చే వారం పరీక్షట కదా. ఇన్ బొక్క అల్ లూపొ! తోడేలు నోట్లోకి పొమ్మని, అదే వాళ్ళ 'ఆల్ ద బెస్ట్'. 'గ్రాత్సియె' అంటే అచ్చిరాదంటారు. 'క్రేపి' అను, ఆ తోడేలే చావనీ అని.

నీ
రాజు