లివింగ్‌స్టన్‌తో ఆగిపోకండి, కురుమాన్ దాకా వెళ్ళండి

సంపాదకులకు,

ఆఫ్రికాలో క్రైస్తవ మిషనరీల గురించి మన పత్రికల్లో ఎప్పుడు రాసినా లివింగ్‌స్టన్, విక్టోరియా జలపాతం దగ్గరే కథ ముగుస్తుంది. దక్షిణాఫ్రికాలో ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ బెడిసికొట్టిందో తెలియాలంటే కురుమాన్ గురించి రాయాలి.

కలహారి ఎడారి అంచున ఎండని ఊట ఉన్న ఊరది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన రాబర్ట్ మోఫట్ 1820లలో అక్కడ స్థిరపడ్డాడు. ఆయన పూర్వాశ్రమంలో తోటమాలి. ఏళ్ళ తరబడి దుబాసీల ద్వారానే బోధించాడు. 1827లో కొన్ని వారాలు అక్కడి ట్స్వానా ప్రజల భాష సెట్స్వానా మాట్లాడేవాళ్ళ మధ్యే ఉండి భాష పట్టుకున్నాడు. తొలి బాప్తిస్మాలు 1829లో జరిగాయి.

సెట్స్వానాలోకి అనువదించిన లూకా సువార్త అచ్చుకు 1830లో కేప్‌టౌన్ వెళితే ప్రభుత్వ ముద్రణాలయంలో కంపోజిటర్లు దొరకలేదు. మోఫట్, ఆయన సహచరుడు ఎడ్వర్డ్స్ స్వయంగా అక్షరాలు పేర్చి అచ్చేశారు. మరుసటి ఏడాది చేతి అచ్చుయంత్రం కురుమాన్ చేరింది. ఇలాంటి యంత్రం మీద కాగితం తడిపి, పేర్చిన అచ్చుకు సిరా పట్టించి, పిడి లాగి ఒక వైపు వేయాలి. ఆరాక రెండో వైపు. అక్షరాలు తక్కువుంటే కొన్ని పుటలు అచ్చయ్యాక వాటిని విడదీసి మళ్ళీ పేర్చాలి. కొత్త నిబంధన 1840లో లండన్‌లో అచ్చయింది. పాత నిబంధన భాగాలు భాగాలుగా కురుమాన్‌లోనే అచ్చయి 1857లో పూర్తయింది.

ఇంత శ్రమలోనూ రెండు లోపాలున్నాయి. మొదటిది లిపి. మన త, థల మధ్య ఉన్నట్టే సెట్స్వానాలోనూ ఒత్తు తేడా ఉంది, దానివల్ల అర్థమే మారుతుంది. తొలి రాతల్లో అది సరిగా పడలేదు. ట్స్వానా తెగ పేరు ‘బట్లహపింగ్’ను ‘బట్లపి’ అని రాసుకున్నారు. పైగా ఒక్కో మిషన్‌ది ఒక్కో వర్ణక్రమం. ట్స్వానా రచయిత సోల్ ప్లాట్యే ఈ గందరగోళాన్ని గట్టిగా విమర్శించి, ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్‌తో కలిసి 1916లో ధ్వని లిపిలో వాచకం తెచ్చాడు.

రెండోది ఇంకా లోతైనది. అనువాదంలో దేవుడికి స్థానికుల మాట ‘మొదిమో’నే తీసుకున్నారు, మంచిదే. కానీ పూర్వీకుల ఆత్మలైన ‘బదిమో’ను దయ్యాలకు వాడారు. తాతముత్తాతలను తలుచుకునే మాట పవిత్ర గ్రంథంలో చెడ్డదైపోయింది. (మన ‘దయ్యం’ కూడా ‘దైవం’ నుంచి పుట్టిందే. కానీ ఆ మార్పు మన నోళ్ళలో నెమ్మదిగా వచ్చింది, బయటివాళ్ళు తెచ్చింది కాదు.) బోట్స్వానా పండితురాలు మూసా డూబే దీన్ని ఎత్తిచూపారు.

ఇక మతాన్ని వ్యాప్తి చేసిందెవరు? ట్స్వానాల్లో బక్వేనా తెగ నాయకుడు సెచెలే 1848లో లివింగ్‌స్టన్ చేత బాప్తిస్మం పొందాడు. అందుకోసం భార్యల్లో ఒక్కరినే ఉంచుకుని మిగతావారిని పుట్టింటికి పంపాడు. వారిలో ఒకరు మళ్ళీ గర్భవతి కావడంతో కొద్ది నెలల్లోనే సంఘం అతన్ని పక్కన పెట్టింది. లివింగ్‌స్టన్ ఉత్తరానికి వెళ్ళిపోయాడు. సెచెలే మాత్రం తన ప్రజలకు చదువూ ప్రార్థనా నేర్పుతూనే ఉన్నాడు.

ఈసారి మిషనరీల చరిత్రపై ప్రత్యేక వ్యాసం వేస్తే లివింగ్‌స్టన్ బొమ్మ పక్కన కురుమాన్ అచ్చుయంత్రం బొమ్మా, సెచెలే బొమ్మా వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం