యాక్రిలిక్ చేపల తొట్టెకు ఏ అయస్కాంతం సరిపోతుందో అమ్మేవారే చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోని ఆసుపత్రులలోనూ, హోటళ్లలోనూ, కొందరి ఇళ్లలోనూ ఇప్పుడు గాజు తొట్టెలకు బదులు యాక్రిలిక్‌తో, అంటే గాజులా కనిపించే పారదర్శక ప్లాస్టిక్‌తో చేసిన పెద్ద పెద్ద చేపల తొట్టెలు కనిపిస్తున్నాయి. వాటి గోడలకు పట్టే పాచిని చెయ్యి తడవకుండా తుడవడానికి అయస్కాంతపు క్లీనర్లు అమ్ముతున్నారు. ఒక ముక్క తొట్టె లోపల, ఇంకొకటి బయట ఉండి, బయటి ముక్కను జరిపితే లోపలిది దాని వెంటే కదిలి పాచిని తుడిచే ఏర్పాటు ఇది. ఇందులో గాజుకు పనికొచ్చేది వేరు, యాక్రిలిక్‌కు పనికొచ్చేది వేరు. ఈ సంగతి చెప్పకుండా "ఏ ట్యాంకుకైనా ఇదే సార్" అని ఒకే రకాన్ని అందరికీ అంటగట్టడం వల్ల, ఎంతో ఖర్చు పెట్టి చేయించుకున్న తొట్టెలు కొద్ది నెలల్లోనే గీతలు పడి మసకబారుతున్నాయి. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

పెద్ద తొట్టెకు యాక్రిలిక్‌ను ఎంచుకోవడం మంచి ఆలోచనే. అదే కొలతల గాజు పలకతో పోలిస్తే దాని బరువు సగానికి కాస్త తక్కువే ఉంటుంది, దెబ్బ తగిలినా గాజులా సులువుగా పగలదు, మీద పడ్డ వెలుతురులో సుమారు 92 శాతాన్ని లోపలికి వదులుతుంది, మందం పెరిగినా మామూలు గాజులో కనిపించే పచ్చని ఛాయ ఇందులో రాదు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 680 లీటర్ల నీరు పడుతుంది కాబట్టి, మేడ మీద పెట్టుకోవాలనుకునేవారికి తొట్టె బరువులో తగ్గే ప్రతి కిలో మేలే. దీని బలహీనత అంతా గీత దగ్గరే ఉంది. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో గాజు 5.5 దరిదాపుల్లో ఉంటే, యాక్రిలిక్ 3 దగ్గరే ఆగిపోతుంది. గాజును ఏమీ చేయని వస్తువులు కూడా యాక్రిలిక్ మీద గీత పెడతాయి.

మన ప్రాంతంలో తొట్టె అడుగున నాగావళి ఇసుకనో, వంశధార ఇసుకనో బాగా కడిగి పరిచే అలవాటు ఉంది. చేపలకు దానివల్ల హాని లేదు, చూడడానికీ బాగుంటుంది. అయితే నది ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ రేణువులే, క్వార్ట్జ్ గట్టిదనం అదే కొలమానంలో 7. అటువంటి రేణువు ఒక్కటి అయస్కాంతానికీ గోడకూ మధ్య చిక్కుకున్నా, తుడిచినంత మేరా అది గోడను గీరుకుంటూ పోతుంది. ఈమధ్య ఒక ఆసుపత్రి వరండాలో ఉన్న తొట్టెను దగ్గరగా చూశాను. ఎదురుగా నిలబడితే ఏమీ తెలియలేదు గానీ, పక్కనున్న కిటికీ వెలుతురు ఏటవాలుగా పడినచోట, ఇసుక పైన నాలుగు వేళ్ల ఎత్తులో మొదలై పైకి వంపు తిరిగిపోయిన సన్నని గీతలు రెండేసి, మూడేసి కనిపించాయి. అక్కడి సిబ్బందిని అడిగి లోపలి ముక్కను బయటికి తీయించి, దానికి అతికించిన, గోడను తుడిచే మెత్త (ప్యాడ్) అంచును వేలితో తడిమితే పోగుల సందున ఇరుక్కున్న ఇసుక గరగరమని తగిలింది. గీతల మధ్య ఎంత ఎడం ఉందో ఆ రేణువుల మధ్య కూడా అంతే ఎడం ఉంది. తొట్టెను శుభ్రం చేసే కుర్రవాణ్ణి తప్పు పట్టడానికి లేదు. ఇసుకకు రెండు మూడు అంగుళాల పైనే అయస్కాంతాన్ని ఆపాలని, ఆ కింది భాగాన్ని చేత్తో పట్టుకున్న మెత్తని స్పాంజితో తుడవాలని, ప్రతిసారీ వాడే ముందు మెత్తను నీటిలో జాడించి వేలితో తడిమి చూడాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇక ఎంపిక సంగతి. కొనేవారు మొదట తెలుసుకోవలసింది తమ తొట్టె గోడ మందం. పొడవును బట్టి గానీ, లీటర్లను బట్టి గానీ అయస్కాంతాన్ని ఎంచుకోకూడదు. రెండు అయస్కాంతాల మధ్య ఎడం పెరిగే కొద్దీ వాటి ఆకర్షణ చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి, 10 మిల్లీమీటర్ల గోడ మీద గట్టిగా పట్టుకున్న క్లీనరు 20 మిల్లీమీటర్ల గోడ మీద నిలవలేక మాటిమాటికీ జారిపోతుంది. మునిగిపోయే రకమైతే జారిన ప్రతిసారీ వెళ్లి పడేది ఇసుకలోనే, ఆ ఇసుకతోనే మళ్లీ గోడకు అంటుకునేదీ అదే. అలాగని అన్నిటికంటే బలమైనది కొంటే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. పలుచని గోడకు అతి బలమైన అయస్కాంతం పెడితే మెత్త గోడకు అదిమిపట్టినట్టు ఉండి, కదపడమే కష్టమవుతుంది, మధ్యలో నలక చిక్కితే గీత మరింత లోతుగా దిగుతుంది. అందువల్ల తయారీదారు ఎంత మందం నుంచి ఎంత మందం వరకు అని చెప్పాడో చూసి, మన గోడ ఆ రెంటి నడుమ పడేలా ఎంచుకోవాలి. మందం తెలియకపోతే తొట్టె పైఅంచు దగ్గర స్కేలు పెట్టి కొలిస్తే చాలు.

రెండోది లోపలి మెత్త. గాజు తొట్టెల క్లీనర్లకు గరుకు మెత్తలు, కొన్నిటికి స్టీలు బ్లేడ్లు కూడా ఉంటాయి. ఇవి యాక్రిలిక్ దరిదాపులకు రాకూడదు. యాక్రిలిక్ కోసం చేసినవాటికి మెత్తని బట్టలాంటి పొర, లేదా ప్లాస్టిక్ బ్లేడు ఉంటుంది. మాగ్-ఫ్లోట్, ఫ్లిప్పర్ వంటి పేరున్న కంపెనీలు గాజుకూ యాక్రిలిక్‌కూ వేర్వేరుగా సరుకు ఇస్తున్నాయంటేనే ఈ తేడా ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో గోడను రుద్దేవారిని కూడా చూశాను. ఆ పీచులో గీరడం కోసమే కలిపిన గట్టి రేణువులు ఉంటాయి కాబట్టి దాన్ని అసలు వాడకూడదు. మొండికేసిన పచ్చని చుక్కల పాచిని పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో నెమ్మదిగా గీకితే వస్తుంది. రెండు మూడు రోజులకోసారి తుడుస్తూ, దీపాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వెలిగించకుండా, నేరుగా ఎండ పడకుండా చూసుకుంటే పాచి అంత గట్టిపడదు.

నీటిలో విడిపోతే పైకి తేలే రకాన్నే పెద్ద యాక్రిలిక్ తొట్టెకు నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ఇసుకలో పడదన్నది ఒక కారణమైతే, ఇంకొక కారణం తొట్టె నిర్మాణంలోనే ఉంది. నీటి ఒత్తిడికి గోడలు బయటికి ఉబ్బకుండా పెద్ద యాక్రిలిక్ తొట్టెల పైన చుట్టూ ఒక పలకను అతికించి, మధ్యలో మాత్రం కంతలు వదులుతారు. రెండున్నర అడుగుల లోతున పడిన ముక్కను ఆ కంతలోంచి చెయ్యి పెట్టి అందుకోవడం అందరివల్లా కాదు. కొనే ముందు ఆ కంత వెడల్పును కూడా కొలుచుకోవాలి, లోపలి ముక్క అందులోంచి పట్టకపోతే ఎంత మంచిదైనా వృథా.

బయటి ముక్కను ఎవరూ పట్టించుకోరు. దాని మెత్తకు అంటిన దుమ్ము కూడా గోడను గీరుతుంది, పైగా బయటి గీతే కంటికి ఎక్కువగా ఆనుతుంది. లోపలి గీతలో నీరు నిండి అది కొంత మరుగున పడుతుంది, బయటి గీతకు ఆ అవకాశం లేదు. కాకపోతే బయటి గీతను నీరు తీయకుండానే పాలిష్ పట్టించవచ్చు, లోపలి గీతను సరిచేయాలంటే మాత్రం సాధారణంగా తొట్టెను ఖాళీ చేసి, చేపలను వేరే చోటికి మార్చి, నీటితో తడిపి వాడే సన్నని గరుకు కాగితాలతో అంచెలంచెలుగా రుద్దించవలసిందే. బయట తుడవడానికి స్పిరిట్‌ను గానీ, అమ్మోనియా కలిసిన అద్దాల ద్రవాన్ని గానీ వాడకూడదు, వాటివల్ల యాక్రిలిక్‌లో సన్నని పగుళ్లు వస్తాయి.

పని అయ్యాక లోపలి ముక్కను తొట్టెలోనే వదిలేయకుండా బయటికి తీసి కడిగి ఆరబెట్టుకోవడం మంచిది. బలమైన క్లీనర్లలో ఉండేది నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతం. పైతొడుగు పగిలి నీరు చొరబడితే అది తుప్పు పడుతుంది, దాని పూతలో సాధారణంగా ఉండే రాగి నీటిలో కలిస్తే రొయ్యలకూ నత్తలకూ ప్రమాదం. పెద్ద అయస్కాంతాల మధ్య వేలు పడితే నలిగిపోతుంది గనుక పిల్లలకు ఇవ్వకూడదు. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు వీటికి దూరంగా ఉండాలి.

ఇందులో దుకాణదారులకు పెద్ద భారమేమీ లేదు. ప్యాకెట్టు సరుకుల నియమాలు, 2011 ప్రకారం ప్యాకెట్టు మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ఎలాగూ ఉండాలి. వస్తువు నాణ్యత, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కొనేవారికి ఇచ్చింది. ఆ స్ఫూర్తితో, గాజుకా యాక్రిలిక్‌కా, ఎంత మందం వరకు అన్న రెండు సంగతులను తెలుగులో ఒక చిన్న చీటీ మీద ప్యాకెట్టుకు అంటించమని ఈ రెండు జిల్లాల అక్వేరియం దుకాణదారులను కోరుతున్నాను. కొనేవారు కూడా ఆ రెండింటినీ బిల్లు మీద రాయించుకోవాలి. చెప్పినదానికి భిన్నమైన సరుకు ఇచ్చి వెనక్కి తీసుకోకపోతే, ఆ బిల్లు చేతిలో ఉన్నప్పుడే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయడం తేలికవుతుంది.

భవదీయుడు,
అలంకార చేపల పెంపకందారు,
శ్రీకాకుళం