అవి పిచ్చి మొక్కలు కావు

సంపాదకుల గారికి,

ఒక పాడుబడ్డ భవనాన్ని గీసిన బొమ్మల ప్రదర్శన మీద పది రోజుల కిందట మీ పేపర్లో వచ్చిన వార్త చదివిన దగ్గర్నుంచి మనసు చివుక్కుమంటూనే ఉంది. ఒకే గోడను ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని మళ్లీ మళ్లీ గీసిన మనిషి పనికి ‘భూత్ బంగళా బొమ్మలు’ అని హెడ్డింగ్ పెట్టడానికి మీకు చేతులెలా వచ్చాయి? పైగా గోడ నిండా పిచ్చి మొక్కలేనట. మీ విలేకరి ఒక్కో బొమ్మ ముందు కాసేపైనా నిలబడి ఉంటే ఆ మాట రాసేవారు కాదు.

నేను రెండుసార్లు వెళ్లి చూశాను. మొదటి బొమ్మలో సున్నం పెచ్చులూడిన చోట చిన్న తడి మచ్చ, అంతే. తర్వాతి దాంట్లో ఆ తడి మీద నాచు. నాచుకు పట్టిన దుమ్ములో ఫెర్న్ మొక్క. ఏ పిట్ట రెట్టలో పడిందో, కిటికీ పైన పగుల్లో రావి మొలక, రెండే ఆకులు. చివరి బొమ్మకొచ్చేసరికి దాని వేరు కిటికీ పక్కనుంచి నేలదాకా దిగి మనిషి చెయ్యంత లావైంది. ఒకటి చోటిస్తేనే ఇంకొకటి వస్తుంది, ఆ వరసంతా ఓపికగా పట్టుకున్నారు.

రోములో కొలోసియం అనే పురాతన క్రీడారంగం ఉంది, దాని శిథిలాల మీద మొలిచిన మొక్కల్ని రిచర్డ్ డీకిన్ అనే ఆయన 420 రకాలని 1855లో లెక్కగట్టాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు తిరక్కుండానే తవ్వకాలు, మరమ్మతులంటూ వాటిని పీకించేశారు. ఆ పచ్చదనం ఎలా ఉండేదో తెలియాలంటే ఇప్పుడు ఆ జాబితా, పాత చిత్రాలే దిక్కు. కంబోడియాలో తా ప్రోమ్ గుడినైతే రాళ్లను చుట్టేసిన వేళ్లతో సహా కాపాడుతున్నారు, ఆ పనిలో మన పురావస్తు శాఖ వాళ్లూ ఉన్నారు.

అసలు ఆ తడి మచ్చ ఎక్కడిది? కప్పు కారుతుంటే బాగు చేయించకుండా ఫైళ్లు తిప్పుతూ కూర్చున్న అధికారులు పెట్టిన మచ్చ అది. ఏ భవనమైనా ఇదే కథ, చేతిలో ఉన్నన్నాళ్లూ పట్టించుకోరు, గోడ ఒరిగాక తప్పు చెట్టు మీదకు తోస్తారు. పేపర్లు కూడా అలాగే తయారయ్యాయి, రిబ్బన్ కత్తిరించిన వాళ్ల పేర్లన్నీ వరసగా ఉంటాయి గానీ గోడ మీద ఏం వేలాడుతోందో రెండు ముక్కలుండవు.

మీరు వేసిన ఫొటోలో కూడా అతిథులే ఉన్నారు, వాళ్ల వెనక బొమ్మ సగమే కనిపిస్తోంది. ఆదివారం పేజీలో ఆ బొమ్మలన్నీ వరసలో వేయండి. అన్నిటికీ చోటు లేదంటే ఆ రెండాకుల రావి మొలక ఉన్నదైనా కాస్త పెద్దదిగా వేయండి.

— ఒక పాఠకురాలు