మూడు లీటర్ల ఆముదం కోసం మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

మహిళా సంఘాలకు గోదాములో చోటిచ్చే పథకం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. మా పన్నెండు బస్తాల తాండూరు కందుల సంగతే మీదాకా రాలేదు. నాలుగు అర్జీలు పెట్టాం. నాలుగు రసీదులూ భద్రంగా ఉన్నాయి, కందులే లేవు.

జనవరి చివర్లో కందులు కొని, మూడు రోజులు ఎండబోసి, చెరిగి గోదాముకు తోలాం. బస్తాలు కుట్టే ముందు, పురుగు పట్టకుండా గింజలకు ఆముదం పట్టిస్తామన్నాం. కిలోకు 5 మిల్లీలీటర్లు చాలు. అంటే 50 కిలోల బస్తాకు పావు లీటరు, మొత్తానికి 3 లీటర్లు. కొనిపెట్టమని కూడా అడగలేదు సార్, డబ్బా మేమే తెచ్చుకున్నాం. ఇన్‌ఛార్జి సారు ఒప్పుకోలేదు. "బయటి మందులు కలపడానికి పర్మిషన్ లేదమ్మా, పైనుంచి లెటర్ తెండి" అన్నారు. ఆముదం ఎప్పటినుంచి మందైందో! మా అమ్మ గుమ్మిలో కందులు పోసే ముందు చేసిన పని అదే. ట్రైనింగ్ ఇస్తారు, వేపనూనె కిట్లు వస్తాయి, ఆగండి అన్నారు. ఆగాం. ఒక పోస్టర్ వచ్చింది. పప్పుగింజలకు నూనె పట్టించి దాచుకోండి అని దాని మీద రాసుంది. దాన్ని ఆ గోదాము గోడకే అంటించారు.

మేము ఆగాం గానీ పురుగు ఆగదు కదా. కందికైతే చేలో, కాయ మీదే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. బస్తాలోకి వచ్చాక గింజకు తెల్లటి చుక్కల్లా అతికిస్తుంది. నూనె పూత ఉంటే ఆ గుడ్డుకు గాలి ఆడదు, అక్కడే చస్తుంది. పూత లేకపోతే వారం తిరిగేసరికి పిల్ల పురుగు గింజలోకి తొలుచుకుపోతుంది. ఆ తర్వాత పైన ఎంత నూనె రాసినా లోపలిదానికి అందదు. ఎండాకాలంలో నెలకల్లా గుండ్రటి కన్నం చేసుకుని బయటికొచ్చి మళ్ళీ గుడ్లు. అర్జీ పెట్టిన ప్రతిసారీ "ఫైల్ పైకి పంపాం" అన్నారు. ఆ ఫైల్ పైకి పోతూ ఉండగా మా బస్తాల్లో తరాలు మారిపోయాయి.

జూన్‌లో విప్పితే చెయ్యి పెట్టిన చోటల్లా పిండి రాలింది. ఏడు బస్తాలు దాణాకు పోయాయి. మిగతావి పప్పు మిల్లులో చూపిస్తే ఆయన నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, ఏమీ అనకుండా తిరిగిచ్చేశాడు. ఇంటికొచ్చి సంఘం పుస్తకం తెరవాలంటేనే టెన్షన్.

తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి పంట అనే ప్రత్యేక గుర్తింపు, వచ్చిందని అందరం సంబరపడ్డాం. పటాన్‌చెరులో మెట్టపంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ ఉంది. వ్యవసాయ యూనివర్సిటీ మా రాజేంద్రనగర్‌లోనే ఉంది. అక్కడ ఎవరినడిగినా నూనె సంగతి చెబుతారు. ఊరంతా తెలిసిన విషయానికి లెటర్ ఇచ్చేవాళ్ళే దొరకలేదు.

నష్టపరిహారం అడగమని కొందరన్నారు. ఇస్తే వద్దనం. ముందు ఆ లెటర్ ఇప్పించండి సార్, ఒక్క పేజీ. బస్తా కుట్టే రోజే మా నూనె మేము రాసుకుంటామని. కిట్లు ఎప్పుడొస్తే అప్పుడు రానివ్వండి, తొందరలేదు. లెటర్ మాత్రం కొత్త కందులు రాకముందే కావాలి. దయచేసి ఆ లెటర్ ఇప్పించండి.

ఆముదం డబ్బా మూత తీయకుండా మా ఇంట్లోనే ఉంది. ఐదో అర్జీతో వచ్చే సోమవారం వస్తున్నాం, కన్నాలు పడ్డ కందులు ఒక సీసాలో పోసుకుని.

ఇట్లు,
రాజేంద్రనగర్ నుంచి ఒక సంఘం సభ్యురాలు